గాలిమరలు – మన ఊళ్లు : తెలుసుకోవలసిన కొన్ని సంగతులు

మన హాస్టల్ తమ్ముళ్లలో చాలామందికి గాలిమరలు కొత్త కావు. రామగిరి, చెన్నేకొత్తపల్లి, రొద్దం వైపు నుంచి వచ్చినవాళ్లు పుట్టినప్పటి నుంచీ వాటిని చూస్తున్నారు. రామగిరి కొండల మీద 1990ల్లోనే అవి లేచాయి. బెళుగుప్ప, వజ్రకరూరు, ఉరవకొండ వైపు వాళ్లకు గత పది పన్నెండేళ్లలో పరిచయమయ్యాయి. ఊళ్లో వాటిని గాలిమరలని ఎవరూ అనరు, "ఫ్యాన్లు" అంటారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు దారి చెప్పేటప్పుడు కూడా "మూడో ఫ్యాను కాడ ఎడమ పక్కకు తిరగండి" అనే కాలం వచ్చింది.

మేము ఇదే హాస్టల్లో ఆరో తరగతి నుంచి పది దాకా ఉండి చదువుకున్నాము. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాము. మా ఇంట్లో డిగ్రీ గడప దాటింది మేమే మొదలు. అందువల్ల సెలవులకు ఊరికి పోతే చాలు, ఏ కాగితం వచ్చినా, ఏ అనుమానం వచ్చినా మా ముందుకే తెస్తారు. పోయిన ఏడాది మా ఊరి గుట్ట కింద ఎర్ర జెండాలు, సర్వే రాళ్లు పాతారు. ఇంకేముంది, ఇంటికి పోయిన రాత్రే అవ్వ అడిగింది: "ఏం నాయనా, ఆ ఫ్యాన్లు మోడాల్ని తోలేస్తాండాయంట గదా, నిజమేనా?" పక్కింటి మామ అందుకున్నాడు: "అది కాదు అల్లుడా, పక్కూళ్లో రేతిరి నిద్దర పట్టడం ల్యేదంట. ఆడోళ్లకు తలనొప్పంట." ఇంకొకాయన గొర్రెలు ఎక్కడికి తోలాలని అడిగాడు. మా చిన్నాయన మాత్రం ఒకటే అడిగాడు, మన డి.కె.టి. పట్టా భూమిలో రాయి ఎందుకు పాతినారని.

ఇన్ని ప్రశ్నల్లో కొన్ని నిజమైన భయాలు, కొన్ని ఉత్త పుకార్లు. చదువుకున్నవాళ్లు చాలామంది చేసే పని ఏమిటంటే, వాన సంగతి అడగగానే నవ్వి, ఆ నవ్వుతోనే మిగిలిన ప్రశ్నలను కూడా కొట్టిపారేయడం. ఈ వ్యాసంలో మేము ఆ రెంటినీ వేరు చేసి చూడదలచుకున్నాము. ఇంటర్ చదివే తమ్ముళ్లకు ఇందులో ఫిజిక్స్ పాఠం కూడా ఉంది.

వాన సంగతి

మొదట అవ్వ ప్రశ్న. ఈ మాట మన జిల్లాలోనే పుట్టింది కాదు. 2000 దశకంలో మహారాష్ట్రలో సాంగ్లి, సతారా వైపు రైతులు కూడా ఇదే అన్నారు. ఇది నిజం కాదని చెప్పడానికి మబ్బు ఎత్తు, ఫ్యాను ఎత్తు పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోతుంది. ఇప్పటి ఫ్యాను స్తంభం 80 నుంచి 140 మీటర్లు ఉంటుంది, రెక్క కొన దాకా కలిపినా సుమారు 200 మీటర్లు. వానమబ్బు అడుగు భాగమే దానికి ఎంతో పైన ఉంటుంది, అక్కడి నుంచి కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. ఆ మబ్బును తెచ్చే రుతుపవనం వందల కిలోమీటర్ల వెడల్పు గలది. గుట్ట మీది ఫ్యాన్లు దాన్ని ఆపలేవు. ఫ్యాను వెనుక గాలి కలగాపులగమై, రాత్రిపూట నేల దగ్గర వేడి కొద్దిగా మారుతుందని అమెరికాలోని టెక్సాస్‌లో ఉపగ్రహ కొలతలతో చేసిన అధ్యయనం 2012లో చెప్పింది. అంతకు మించి లేదు.

అయితే అవ్వ గమనించినది పూర్తిగా వట్టిది కూడా కాదు. మనది పడమటి కనుమల వెనుక ఉన్న వర్షచ్ఛాయా ప్రాంతం. అనంతపురం సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి కనుమల అవతల నీళ్లన్నీ కుమ్మరించి, ఒట్టి గాలిగా మన మీదికి బలంగా వీస్తుంది. ఆ గాలి కోసమే కంపెనీలు వచ్చాయి. వాన లేని చోట, గాలి ఉన్న చోట ఫ్యాన్లు లేచాయి కాబట్టి, ఫ్యాన్లు ఉన్న చోట వాన లేదని జనం అనుకున్నారు. కారణం ఏదో, ఫలితం ఏదో తారుమారైంది, అంతే. ఇలా చెబితే మా అవ్వ ఒప్పుకుంది. "అట్లయితే వాన రాకపోయేది మన తలరాతే అన్నమాట" అని ఇంకో నిట్టూర్పు విడిచింది, అది వేరే సంగతి.

శబ్దం సంగతి

ఇక మామ ప్రశ్న. దీని దగ్గర కొంచెం నిలబడాలి, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది.

ఫ్యాను దూరం నుంచి మెల్లగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. వంద మీటర్ల వ్యాసం గల ఫ్యాను నిమిషానికి 14 చుట్లు తిరుగుతుందనుకోండి. రెక్క కొన ఒక చుట్టుకు 314 మీటర్లు పోతుంది. అంటే సెకనుకు 73 మీటర్లు, గంటకు 260 కిలోమీటర్లకు పైగా! ఆ వేగంతో గాలిని కోసుకుంటూ పోవడం వల్లనే "ఉస్సు... ఉస్సు" అనే శబ్దం వస్తుంది. పెద్ద ఫ్యాను శబ్దశక్తి సుమారు 105 డెసిబెల్ అని లెక్కకు తీసుకుంటారు. తెరిచిన చోట దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెల్ తగ్గుతుంది. ఆ లెక్కన ఒకే ఒక్క ఫ్యాను నుంచి 250 మీటర్ల దూరంలో సుమారు 49, 500 మీటర్లలో 43, కిలోమీటరు దూరంలో 37 డెసిబెల్ వస్తుంది. గాలి పీల్చుకునేది పోను ఇంకొంచెం తగ్గుతుంది, గాలి మన వైపు వీస్తే వినికిడి పెరుగుతుంది. ఇవి రమారమి అంకెలు.

వీటిని చట్టం అంకెలతో పోల్చాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్ దాటకూడదు. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2016 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, శబ్దం బాధ తగ్గడానికి ఏ నివాసానికైనా 500 మీటర్ల లోపల ఫ్యాను పెట్టకూడదని ఉంది. ఈ 500 ఎందుకో పై లెక్క చూస్తే అర్థమవుతుంది. 43 అంటే 45 లోపలే. కానీ ఇక్కడ ఒక కిటుకు ఉంది తమ్ముళ్లారా. డెసిబెల్ మామూలు కూడికకు లొంగదు. ఒకే దూరంలో రెండు ఫ్యాన్లు తిరిగితే 43కు 43 కలిపి 86 కాదు, 3 మాత్రమే పెరిగి 46 అవుతుంది. నాలుగు తిరిగితే 49. అంటే ప్రతి ఫ్యానూ విడివిడిగా 500 మీటర్ల నియమం పాటించినా, అన్నీ కలిసి రాత్రి పరిమితి దాటవచ్చు. కంపెనీ కాగితాల్లో ఒక్కొక్క ఫ్యాను దూరం చూపిస్తారు గాని, ఇంటి ముందు నిలబడ్డ మనిషికి అన్నీ ఒకేసారి వినిపిస్తాయి.

రాత్రిపూటే ఎందుకు బాధ అంటే దానికీ కారణం ఉంది. పొద్దుగూకినాక నేల చల్లబడి కింద గాలి పడిపోతుంది, ఆకు కదలదు. కానీ వంద మీటర్ల పైన గాలి వీస్తూనే ఉంటుంది. పగలైతే చెట్ల చప్పుడు, ట్రాక్టర్లు, మనుషుల మాటలు దాన్ని కప్పేస్తాయి. రాత్రి ఏ కప్పూ లేదు. నెదర్లాండ్స్ భౌతిక శాస్త్రవేత్త వాన్ డెన్ బెర్గ్ 2004లో ప్రచురించిన పరిశోధనలో, రాత్రిపూట ఫ్యాన్ల శబ్దం ముందుగా వేసిన లెక్కలకంటే ఎక్కువగా ఉందని కొలిచి చూపించారు. పట్నంలో 45 డెసిబెల్ ఎవరికీ వినపడదు. మన పల్లెలో అది గుమ్మం దాకా వచ్చి కూర్చుంటుంది.

రోగాల మాట ఏమిటి? కెనడా ఆరోగ్య శాఖ 1,238 ఇళ్లలో సర్వే చేసి 2014లో ఫలితాలు చెప్పింది. శబ్దం స్థాయికీ, నిద్రలేమి, తలతిరుగుడు, తలనొప్పి వంటి వాటికీ సంబంధం కనిపించలేదు. కానీ శబ్దం పెరిగేకొద్దీ చిరాకు, విసుగు పెరగడం స్పష్టంగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో గాలిమరల శబ్దం పగలూ రాత్రీ కలిపి లెక్కగట్టిన సగటు 45 డెసిబెల్ లోపల ఉంటే మంచిదని సూచించింది. కాబట్టి కేన్సరు వస్తుంది, గర్భం పోతుంది అనే మాటలు నమ్మనక్కరలేదు. నీడ ఆడడం వల్ల మూర్ఛ వస్తుందన్న భయానికీ ఆధారం తక్కువ. నిమిషానికి 14 చుట్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాను నీడ సెకనుకు ఒకసారి కూడా పడదు, మూర్ఛను రేపే మిణుకు సెకనుకు మూడుసార్లకు పైన ఉండాలి. అయితే పొద్దున, సాయంత్రం ఇంట్లో గోడ మీద ఆ నీడ ఊగుతుంటే చదువుకునే పిల్లకు విసుగు రాదా? వస్తుంది. జర్మనీలో ఒక ఇంటి మీద ఈ నీడ రోజుకు 30 నిమిషాలు, ఏడాదికి 30 గంటలు దాటకూడదని పరిమితి పెట్టుకున్నారు.

ఇంకో పరిశోధన మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. నెదర్లాండ్స్‌లో 725 మందిని అడిగి 2009లో ప్రచురించినది. ఫ్యాన్ల వల్ల డబ్బు వచ్చేవాళ్లు ఎక్కువ శబ్దం మధ్య ఉన్నా దాదాపు చిరాకు పడలేదట. డబ్బు రానివాళ్లకే చిరాకు. దీన్ని చూపించి కొందరు "చూశారా, అంతా డబ్బు కోసమే" అంటారు. మేము అలా అనుకోవడం లేదు. మోతుబరి పొలంలో ఫ్యాను నిలబడి ఆయనకు కౌలు వస్తుంది. ఆ ఫ్యాను చప్పుడు కాలనీలో పడుకున్న కూలి మనిషికి వినిపిస్తుంది. తన మాట అడగకుండా తన నిద్ర మీద ఎవరో సంపాదిస్తున్నారని తెలిసినప్పుడు ఆ చప్పుడు చెవికి వేరుగానే వినిపిస్తుంది.

భూమి సంగతి

ఫ్యాన్ల వల్ల మేలు లేదని మేము చెప్పడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు వేల మెగావాట్లకు పైగా, దేశం మొత్తం మీద 2025 నాటికి యాభై వేల మెగావాట్లకు పైగా గాలి కరెంటు సామర్థ్యం ఉంది. బొగ్గు కాల్చనక్కరలేదు, బూడిద లేదు. థర్మల్ కేంద్రానికి చెరువులకు చెరువులు నీళ్లు కావాలి, ఫ్యానుకు చుక్క నీరు అక్కరలేదు. నీళ్లు లేని మన సీమకు ఇది చిన్న మాట కాదు. స్తంభం చుట్టూ శెనక్కాయ వేసుకోవచ్చు కూడా.

కానీ "చిన్న స్తంభమే కదా" అనేది సగం నిజం. రెక్కలు తెచ్చే పొడవాటి లారీలకు దారి కావాలి, కొండను తొలిచి రోడ్డు వేయాలి. చెన్నేకొత్తపల్లి మండలంలో టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 1990ల నుంచి కాపాడి పెంచుకున్న కల్పవల్లి అడవి సంగతి మనలో కొందరికి తెలుసు. బోడిగా ఉన్న గుట్టల మీద గడ్డి, ఈతచెట్లు మళ్లీ వచ్చాయి, గొర్రెలకు మేత దొరికింది. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బంజరే. తర్వాత ఆ కొండల మీద ఫ్యాన్లు వచ్చాయి. రోడ్ల కోసం తవ్విన మట్టి వాగుల్లోకి జారిందని, మేత పోయిందని గ్రామస్థులు వాపోయారు. వ్యవహారం 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. కాగితం మీద బంజరు అని ఒక్క మాట ఉంటే, ఇరవై ఏళ్ల చెమట లెక్కలోకి రాదు. గొర్రెల కాపరికి పట్టా ఉండదు, పట్టా లేనివాడికి కౌలూ రాదు, పరిహారమూ రాదు.

మా చిన్నాయన అడిగిన డి.కె.టి. భూమి మన హాస్టల్ పిల్లల్లో చాలామంది ఇళ్లకు ఉన్న ఒకే ఒక్క ఆస్తి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఈ భూములను అమ్మడాన్నే గాక కౌలుకివ్వడాన్ని కూడా బదిలీగానే లెక్కగట్టింది. తర్వాత సవరణలు జరిగాయి, 2023లో ఇరవై ఏళ్లు దాటిన పట్టాదారులకు కొన్ని హక్కులు వచ్చాయి. కాబట్టి మీ సర్వే నంబరుకు ఏది వర్తిస్తుందో తహసీల్దారు ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోకుండా ఏ కాగితం మీదా నాయన చేత వేలిముద్ర వేయించకండి. మధ్యవర్తి తెచ్చే అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉంటుంది, పాతికేళ్లకు పైబడిన గడువు ఉంటుంది. మీరు చదివి తెలుగులో చెప్పండి. నకలు అడగండి. నకలు ఇవ్వనంటే సంతకం చేయనని చెప్పండి.

ఎప్పుడు అడగాలి?

ఇది మేము చాలా ఆలస్యంగా తెలుసుకున్న విషయం. థర్మల్ కేంద్రం పెట్టాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. గాలిమరలకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ వర్తించదు కాబట్టి ఆ సభ ఉండదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గాలి విద్యుత్తును కాలుష్యం లేని తెల్ల కేటగిరీలో చేర్చింది. అంటే మన ఊరికి వచ్చి "మీరేమంటారు?" అని అడగవలసిన మనిషే లేడు.

పోనీ ఫ్యాను లేచాక ఫిర్యాదు చేద్దామా అంటే, శబ్ద నియమాల్లో ఒక మెలిక ఉంది. పరిమితి కంటే 10 డెసిబెల్, అంతకు పైన ఉంటేనే ఫిర్యాదుకు వీలని రాశారు. రాత్రి పరిమితి 45 అయితే 55 చేరాలి. 300 మీటర్ల దూరంలో ఉన్న ఒక్క ఫ్యాను శబ్దం మన లెక్కలో 47 లేదా 48. నిద్ర చెడుతుంది, ఫిర్యాదు నిలవదు. కాబట్టి అడగవలసిన సమయం సర్వే రాళ్లు పాతినప్పుడే, కాంక్రీటు పోసినాక కాదు.

అడగడానికి దారులు రెండున్నాయి. ఒకటి 2005 నాటి సమాచార హక్కు చట్టం. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల కాగితం మీద తెలుగులో రాస్తే చాలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రెండోది గ్రామసభ. జనవరి 2, ఏప్రిల్ 14, జులై 3, అక్టోబరు 3 తేదీల్లో జరగాలని నియమం ఉంది. ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి కాబట్టి ఆ రోజు మన వాళ్లు ఎలాగూ విగ్రహం దగ్గర చేరతారు, అక్కడి నుంచి పంచాయతీ ఆఫీసుకు నడిచిపోవడం ఎంతసేపు?

మా ఊళ్లో మేము చేసింది ఇదే. ఫ్యాన్ల స్థలాల పటం, దగ్గరి నివాసానికి దూరం ఎంతో తెలపమని మండల ఆఫీసులో 5 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాము. నెల లోపల పటం నకలు వచ్చింది. అందులో దగ్గరి ఫ్యానుకు "గ్రామం" 900 మీటర్ల దూరంలో ఉంది. అది నిజమే, రామాలయం రచ్చకట్ట నుంచి కొలిస్తే అంతే వస్తుంది. కానీ మా ఎస్సీ కాలనీ ఊరికి ఈ కొసన, గుట్ట వైపు ఉంది. పటంలో కాలనీ లేనే లేదు. ఊరు అంటే ఊరే అనుకున్నారు, వాడ సంగతి ఎవరికీ తట్టలేదు.

హైస్కూలు పీఈటీ సారు దగ్గర లాంగ్ జంప్ కొలిచే టేపు అడిగి తెచ్చుకున్నాము. కాలనీ చివరి ఇంటి గడప నుంచి సర్వే రాయి దాకా చేలకు అడ్డంగా కొలిస్తే 340 మీటర్లు వచ్చింది. ఆ లెక్కన ఆ ఒక్క ఫ్యానే రాత్రి పరిమితి దాటుతుంది. కొలిచినప్పుడు సర్పంచిని, వార్డు మెంబరును వెంట పెట్టుకున్నాము, పంచనామా లాగా రాసి అందరి సంతకాలు తీసుకున్నాము. ఏప్రిల్ 14 సభలో మామ లేచి మాట్లాడాడు. ఆయన తలనొప్పి గురించి గానీ, మోడాల గురించి గానీ చెప్పలేదు. "500 మీటర్లని మీ కాగితమే చెప్తాంది, మా ఇంటి కాడ నుంచి 340 ఉంది, ఏం చేస్తారో రాయండి" అన్నాడు. తీర్మానం పుస్తకంలో అది ఎక్కింది. నకలు కలెక్టరాఫీసుకూ, కంపెనీకీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాము.

రెండు నెలలకు సర్వేవాళ్లు మళ్లీ వచ్చి ఆ రాయిని గుట్ట పైకి జరిపారు. ఇప్పుడు చివరి ఇంటికి 520 మీటర్లు. దాని పక్కన 560 మీటర్ల దగ్గర ఇంకో రాయి ఉంది. విడివిడిగా రెండూ నియమం లోపలే ఉన్నాయి. కలిపి లెక్కవేస్తే 45 మీద కొంచెం తేలుతోంది. ఆ లెక్క కాగితం మీద వేసి, రాత్రిపూట ఒకదాన్ని వేగం తగ్గించి నడపమని అడుగుతూ జులై 3 గ్రామసభకు ఇచ్చాము. సర్పంచి తీసుకున్నాడు, రసీదు ఇచ్చాడు. జవాబు ఇంకా రాలేదు.